బెండకాయ వేపుడు నుంచి ఆవపెట్టిన కూర దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఇంటి వంట మొదలుపెట్టేవాళ్లు ముందుగా తడబడేది బెండకాయ దగ్గరే. జిగురు, ముద్ద, నలుపు అన్నీ అందులోనే వస్తాయి. అందుకే ఈ పేజీలో సగం బెండకాయే. మిగతా సగంలో వంకాయ, దొండకాయ, ఆనపకాయ, అరటికాయ, కంద వగైరా. ఏ కూరకైనా అసలు చూసుకోవాల్సింది కాయలో ఉన్న నీరు. ఉప్పు ఎప్పుడు వెయ్యాలి, మూత ఎప్పుడు పెట్టాలి, పులుపు ఎప్పుడు పొయ్యాలి అనే మూడు సంగతులూ దాన్నిబట్టే తేలతాయి. కొలతలు నలుగురికి సరిపడేవి. టీస్పూను అంటే 5 మి.లీ., టేబుల్ స్పూను అంటే 15 మి.లీ. ఉప్పు అన్నచోట మెత్తటి ఉప్పు. రాళ్ల ఉప్పు వాడితే చెంచాలో తక్కువ పడుతుంది కాబట్టి రుచి చూసి ఇంకొంచెం కలపాలి.

బజార్లో లేత బెండకాయ ఎలా గుర్తుపట్టాలి?

కొస విరిస్తే టప్పున విరగాలి. వంగి వేలాడితే ముదురు. కాకపోతే ప్రతి కాయ కొసా విరిచి బుట్టలో పడేస్తే అమ్మే రైతు నష్టపోతాడు. అందుకని కొలతతో చూసుకోండి. వేలెడు పొడవు, అంటే 8 నుంచి 10 సెం.మీ., ఉన్న కాయలు సాధారణంగా లేతవి. బొటనవేలితో నడుం దగ్గర మెల్లగా నొక్కినప్పుడు లోపల గింజలు గట్టిగా తగలకూడదు. నూగు చేతికి తెలుస్తూ, తొడిమ పచ్చగా ఉంటే ఆ రోజు కోసినదే.

ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం రైతు బజార్లలో పొద్దున్నే వెళ్తే కాయ బాగుంటుంది. మధ్యాహ్నానికి తాజాగా కనపడాలని నీళ్లు చల్లుతారు. ఆ తడి మీ వేపుడుకి శత్రువు. తప్పక కొంటే ఇంటికి రాగానే గుడ్డ మీద పరిచి ఆరబెట్టండి.

పసుపురంగుకు తిరిగిన బెండకాయలు తినొచ్చా?

ఈనెలు పసుపుపచ్చగా, కాయ వెలిసినట్టు ఉంటే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల వస్తుంది. మనుషులకు అంటదు, తింటే ప్రమాదం లేదు. కానీ ఆ కాయ పీచుగా, గట్టిగా ఉంటుంది. పులుసులోకి సరిపోతుంది, వేపుడుకి పనికిరాదు.

బెండకాయకు జిగురు ఎందుకు వస్తుంది?

బెండ, గోంగూర, మందార అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. మందారాకు నలిపితే చేతికి సాగే బంక లాంటిదే బెండకాయలోనూ ఉంది. అది నీళ్లలో కరిగే పిండిజాతి పదార్థం. నీరు తగిలితే ఉబ్బి సాగుతుంది, నీరు ఇగిరిపోతే ఎండిపోతుంది, పులుపు తగిలితే పలచబడుతుంది. జిగురు పోగొట్టే చిట్కాలన్నీ ఈ మూడు గుణాల నుంచి పుట్టినవే. కాయని ఎంత సన్నగా తరిగితే అంత ఎక్కువ జిగురు బయటికొస్తుంది, ఎందుకంటే కోసిన ప్రతి అంచూ జిగురుకి దారే.

జిగురు లేని వేపుడు ఎలా చెయ్యాలి? వరసగా చెప్పండి.

కావలసినవి: బెండకాయలు 500 గ్రాములు, నూనె 3 టేబుల్ స్పూన్లు, పసుపు పావు టీస్పూను, ఉప్పు ముప్పావు టీస్పూను, కారం ముప్పావు టీస్పూను. పోపుకి ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఒక ఎండుమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు.

ముందు కాయల్ని కోయకుండానే కడగాలి. కోసిన తర్వాత కడిగితే ఇక ఆ రోజు వేపుడు ఆశ వదులుకోవచ్చు. పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, పళ్లెంలో విడివిడిగా ఫ్యాను కింద పెట్టండి. ఎండాకాలం అరగంట చాలు. వానాకాలంలో మన సముద్రపు గాలికి గంట దాటినా తడి వదలదు, అందుకే చాలా ఇళ్లలో రాత్రే కడిగి ఆరబెట్టుకుంటారు. అదే సరైన పద్ధతి.

ముచ్చిక, కొస తీసేసి ఒకటిన్నర సెం.మీ. చక్రాలుగా తరగండి. మధ్యమధ్యలో కత్తికి అంటిన బంకను గుడ్డతో తుడవండి. కత్తిపీట అయినా చాకు అయినా అంతే, పలక కూడా పొడిగా ఉండాలి.

వెడల్పాటి మూకుడు తీసుకోండి. ముక్కలు ఒకటిన్నర వరసకి మించి పేరుకోకూడదు. ఇరుకు గిన్నెలో పోస్తే అడుగు ముక్కల ఆవిరి పై ముక్కల్ని ఉడకబెడుతుంది, వేపుడు కాస్తా ముద్దకూర అవుతుంది. అరకిలోకి 26 సెం.మీ. మూకుడైనా ఉండాలి. లేకపోతే రెండు వాయిలుగా చెయ్యండి.

నూనె బాగా కాగాక ముక్కలు, పసుపు వేసి ఒకసారి కలపండి. మంట మధ్యస్థం కంటే కాస్త ఎక్కువ. మూత వద్దు. మొదటి 5 నిమిషాల్లో రెండు మూడు సార్లకు మించి కదపకండి. అదేపనిగా అట్లకాడతో తిప్పితే ముక్కలు నలిగి జిగురు ఇంకా ఊరుతుంది. 6, 7 నిమిషాలకు తీగలు సాగడం కనపడుతుంది. చాలామంది ఇక్కడే భయపడి నీళ్లు చల్లుతారు, లేదా మూత పెడతారు. రెండూ చెయ్యొద్దు. 10 నిమిషాలకు తీగలు తెగిపోతాయి, 12 నుంచి 15 నిమిషాలకు అంచులు ఎర్రబడతాయి. అప్పుడు ఉప్పు, కారం వేసి మంట తగ్గించి రెండు నిమిషాలు వేపి దించాలి.

పోపు విడిగా చిన్న గరిటెలో పెట్టి చివర్లో కలపడం మంచిది. ముందే వేస్తే పావుగంట వేగేసరికి ఆవాలు చేదెక్కుతాయి, కరివేపాకు మాడుతుంది.

ఉప్పు చివర్లోనే ఎందుకు?

ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. ఆ నీటిలో జిగురు కరిగి మూకుడంతా పరుచుకుంటుంది. తీగలు తెగాక ఉప్పు వేస్తే లాగడానికి నీరే పెద్దగా మిగలదు. ఇంకో సంగతి, అరకిలో బెండకాయ వేగాక సగానికి తగ్గుతుంది. పచ్చి ముక్కల్ని చూసి వేసిన ఉప్పు వేపుడులో ఎక్కువైపోతుంది.

ఇప్పటికే జిగురు సాగుతోంది. పొయ్యి మీదే ఉంది. ఏం చెయ్యాలి?

మూత తీసి మంట పెంచండి. అర టీస్పూను నిమ్మరసం గానీ ఒక టీస్పూను చిక్కటి చింతపండు గుజ్జు గానీ అంచుల వెంబడి వేసి ఒక్కసారి కలిపి వదిలేయండి. రెండు నిమిషాలకు తగ్గకపోతే వేయించిన శనగపిండి ఒక టేబుల్ స్పూను చల్లండి, మిగిలిన తేమను అది పీల్చుకుంటుంది. వేపుడు కాకపోయినా పొడికూరలా తినడానికి బాగుంటుంది.

ముక్కలు నల్లబడుతున్నాయి. నూనె వల్లా?

చాలాసార్లు మూకుడు వల్ల. ఇనప మూకుడులో బెండకాయ పసరుకి, పులుపుకి రంగు నలుపు తిరుగుతుంది. బాగా నూనె పట్టిన పాత మూకుడైతే తక్కువ. వేపుడుకి దళసరి అల్యూమినియం, స్టీలు, నాన్‌స్టిక్ ఏదైనా సరే. పులుసుకి మాత్రం ఇనుము వద్దు, స్టీలు గిన్నె గానీ మట్టి చట్టి గానీ వాడండి.

వేపుడులోకి ఏ పొడి బాగుంటుంది?

శనగపప్పు, మినప్పప్పు, ధనియాలు ఒక్కో టేబుల్ స్పూను, జీలకర్ర ఒక టీస్పూను, ఎండుమిర్చి 6, ఎండుకొబ్బరి తురుము 2 టేబుల్ స్పూన్లు, వెల్లుల్లి 4 రెబ్బలు. పప్పులు ముందు సన్నసెగ మీద దోరగా వేపి, తర్వాత ధనియాలు, మిర్చి, చివర్న జీలకర్ర, కొబ్బరి వెయ్యాలి. చల్లారాకే పొడి కొట్టాలి. వెచ్చగా ఉండగా మిక్సీలో తిప్పితే కొబ్బరి నూనె వదిలి ఉండకడుతుంది. ఇందులో సగం పొడి అరకిలోకి చాలు, మిగతాది సీసాలో దాచుకోవచ్చు. ఈ పొడి వేస్తే పైన చెప్పిన కారం మానెయ్యండి.

ఉత్తరాంధ్రలో నువ్వుగుండ చల్లడమూ ఉంది. నువ్వుల్ని చిటపటలాడేదాకా వేపి, కొద్దిగా ఉప్పు, ఎండుమిర్చితో బరకగా దంచి దించే ముందు రెండు టేబుల్ స్పూన్లు చల్లుతారు. మా మటుకు బెండకాయకి కొబ్బరిపొడి కంటే ఇదే నప్పుతుంది. దొండకాయకి, ఆనపకాయకి కూడా.

పల్లీలు, జీడిపప్పు వేసేవాళ్లు విడిగా వేయించి వడ్డించే ముందు కలపాలి. లేకపోతే మెత్తబడతాయి.

నూనె తగ్గించి వేపుడు వస్తుందా?

వస్తుంది. మైక్రోవేవ్ ఉంటే 250 గ్రాముల ముక్కల్ని వెడల్పు పళ్లెంలో పరిచి, మూత లేకుండా పూర్తి శక్తి మీద 4, 5 నిమిషాలు పెట్టండి. మధ్యలో ఒకసారి కలపండి. తేమ చాలావరకు పోతుంది. తర్వాత మూకుడులో ఒక టేబుల్ స్పూను నూనెతో 5 నిమిషాలు వేపితే చాలు. కరకర మాత్రం తక్కువే ఉంటుంది, అది నూనె వేడితోనే వచ్చేది.

బెండకాయ పులుసులో ముక్క గట్టిగా ఉండిపోతోంది. ఎంత ఉడికించినా మెత్తబడదు.

చింతపండు ముందే పోశారు, అందుకు. పులుపు తగిలితే కూరగాయ ముక్కను కట్టిపట్టి ఉంచే పదార్థం కరగకుండా బిగుసుకుంటుంది. ఇది బెండకాయ ఒక్కదానికే కాదు, ములక్కాడ, గుమ్మడి, చిలగడదుంప వేసే దప్పళానికీ ఇదే లెక్క. ముక్క ముప్పాతిక వంతు ఉడికాకే పులుసు పొయ్యాలి.

250 గ్రాముల బెండకాయల్ని 4 సెం.మీ. ముక్కలు చేసి, 2 టేబుల్ స్పూన్ల నూనెలో 6 నిమిషాలు వేపి పక్కన పెట్టండి. 25 గ్రాముల చింతపండు, అంటే చిన్న నిమ్మకాయంత, వేడినీళ్లలో పావుగంట నానబెట్టి పిసికి మొత్తం 600 మి.లీ. పులుసు తియ్యండి. గిన్నెలో పోపు వెయ్యండి: ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, పావు టీస్పూను మెంతులు. మెంతులు అంతకు మించితే పులుసంతా చేదే. ఒక ఉల్లిపాయ, 3 పచ్చిమిర్చి మగ్గాక పులుసు, పసుపు, ఉప్పు ఒక టీస్పూను, కారం ఒక టీస్పూను వేసి 8 నుంచి 10 నిమిషాలు మరగనివ్వండి. చింతపండు పచ్చివాసన పోయాక ముక్కలు వేసి 6 నిమిషాలు. తర్వాత బెల్లం 2 టేబుల్ స్పూన్లు. చివరగా 2 టీస్పూన్ల బియ్యప్పిండిని పావుకప్పు చన్నీళ్లలో కలిపి పోసి, మరో 3 నిమిషాలు ఉడికించి దించండి. పిండిని నేరుగా మరిగే పులుసులో వేస్తే ఉండలు కడుతుంది. పులుసు చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి దించేటప్పుడు కాస్త పలచగా ఉండాలి.

ముదురు బెండకాయలు వచ్చేశాయి. పారేయాలా?

గోటితో గుచ్చితే దిగని కాయ పీచు ఎలాగూ మెత్తబడదు. చీల్చి గింజలు తీసి పప్పులో వేసుకోవచ్చు, తొక్క తీసేయండి. ఒక మోస్తరు ముదురైతే పులుసుకి వాడండి.

ఫ్రిజ్‌లో పెడితే మచ్చలెందుకు వస్తున్నాయి?

బెండకాయకు మరీ చల్లదనం పడదు. 7 డిగ్రీల కంటే తక్కువలో రెండు మూడు రోజులు ఉంటే చర్మం మీద గుంటలు, నల్లమచ్చలు వస్తాయి. కడగకుండా, పొడిగా, కాగితంలో గానీ నూలుగుడ్డలో గానీ చుట్టి కింది కూరగాయల అరలో పెట్టండి. ముడివేసిన ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమటపట్టి బంకగా మారతాయి. మూడు రోజుల్లో వండెయ్యాలి. వంకాయ, దోసకాయ విషయంలోనూ ఇంతే.

వంకాయ నూనెంతా తాగేస్తుంది. మార్గం?

వంకాయ లోపల గాలి ఎక్కువ, స్పాంజిలా నూనె పీలుస్తుంది. ఇక్కడ బెండకాయకు తలకిందులుగా చెయ్యాలి: ఉప్పు ముందే. ముక్కలు మూకుడులో పడగానే ఉప్పు చల్లి మూత పెడితే తమ నీటితోనే మగ్గి కుదించుకుపోతాయి. అప్పుడు అరకిలోకి 2 టేబుల్ స్పూన్ల నూనె చాలు. కోసిన వెంటనే ఉప్పునీళ్లలో వెయ్యకపోతే గాలి తగిలి నల్లబడతాయి. లీటరు నీళ్లకు ఒక టీస్పూను ఉప్పు వేసి, ముక్కలు పూర్తిగా మునిగేలా పైన పళ్లెం బోర్లించండి.

దొండకాయ, గోరుచిక్కుడు ఎంతకీ వేగవు.

దొండకాయ సన్నగా నిలువు చీలికలు చేసి, మొదటి 8 నిమిషాలు సన్నసెగ మీద మూత పెట్టి, తర్వాత మూత తీసి మరో 12 నిమిషాలు వేపండి. నీళ్లు అక్కర్లేదు. లోపల ఎర్రబడ్డ కాయలు పుల్లగా, మెత్తగా ఉంటాయి, వాటిని ఏరి పచ్చడికి తీసుకోండి. గోరుచిక్కుడు మాత్రం ముందు ఉప్పునీళ్లలో 10 నిమిషాలు ఉడికించి వార్చాకే పోపులో వెయ్యాలి. నేరుగా వేపితే పీచు పంటికింద తగులుతుంది.

ఆనపకాయ చేదుగా ఉంది. బెల్లం వేసి సర్దొచ్చా?

వద్దు. ఇది రుచి సంగతి కాదు. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ చేదుగా ఉంటే అందులో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం పెరిగిందని అర్థం. ఉడికించినా అది పోదు. వాంతులు, విరేచనాలు, ఎక్కువ తింటే, ముఖ్యంగా రసం తీసి తాగితే, ప్రాణం మీదికి కూడా వస్తుంది. కోసేటప్పుడు చిన్న ముక్క నాలుక చివర పెట్టి చూసి, చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. కాకరకాయ చేదు వేరు, దాన్ని చూసి ఇదీ అలాంటిదే అనుకోకూడదు.

మంచి ఆనపకాయకు, బీరకాయకు నీళ్లు పొయ్యకండి, అందులోనే కావలసినంత ఉంది. అరకిలో బీరకాయ ఉడికితే ఒక గిన్నెడు కూడా మిగలదు, ఉప్పు అర టీస్పూనుతో మొదలుపెట్టండి.

అరటికాయ ఆవపెట్టిన కూర చేదొస్తోంది. ఎక్కడ తప్పు?

రెండు చోట్లలో ఒకచోట. ఒకటి, ఆవాలు ఎక్కువసేపు మిక్సీలో తిప్పి వేడెక్కించారు. రెండు, ఆవ ముద్దను పొయ్యి మీద ఉడికించారు. ఆవాల్లో ఘాటు ముందే తయారుగా ఉండదు. గింజ నలిగి చన్నీళ్లు తగిలినప్పుడు పుడుతుంది. వేడి తగిలితే ఘాటు ఎగిరిపోయి చేదే మిగులుతుంది. అందుకే ఆవ ఎప్పుడూ పొయ్యి ఆర్పాకే పెట్టాలి.

ఒక టేబుల్ స్పూను ఆవాలు 30 నిమిషాలు చన్నీళ్లలో నానబెట్టి, నీళ్లు వంచేసి, 2 పచ్చిమిర్చి, చిటికెడు ఉప్పు, పసుపు, ఒక టేబుల్ స్పూను పచ్చికొబ్బరితో ఆపి ఆపి రుబ్బండి. రోలుంటే ఇంకా మంచిది. ముద్దను 10 నిమిషాలు అలా ఉంచితే ఘాటు నిండుతుంది. రెండు అరటికాయలు చెక్కు తీసి మజ్జిగ కలిపిన నీళ్లలోకి తరగండి, నల్లబడవు. ఉప్పు, పసుపు వేసిన నీళ్లలో 8 నిమిషాలు ఉడికించి, ముక్క విరిగిపోకముందే వార్చండి. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో ముక్కలు, 2 టేబుల్ స్పూన్ల చింతపండు గుజ్జు వేసి 3 నిమిషాలు మగ్గించి దించండి. చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చగా అయ్యాక ఆవ ముద్ద కలిపి మూత పెట్టండి. అరగంట ఆగి తింటే రుచి కుదురుతుంది.

పనసపొట్టు కూర, కంద బచ్చలి కూర కూడా ఇదే దారి. పనసపొట్టు మన మార్కెట్లలో కొట్టి అమ్ముతారు. ఉడికించాక గుడ్డలో వేసి నీరు గట్టిగా పిండకపోతే కూర ముద్దవుతుంది.

కంద, చేమదుంప తింటే గొంతు దురద.

వాటిలో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలు ఉంటాయి, అవే చేతికీ గొంతుకీ గుచ్చుకుంటాయి. చేతులకు నూనె రాసుకుని పొడిగా ఉండగానే చెక్కు తియ్యండి. సగం ఉడికిన దుంప తినొద్దు. కుక్కర్లో కందకి 3 కూతలు, చేమదుంపకి 2. తర్వాత చింతపండు గానీ నిమ్మరసం గానీ తప్పనిసరి. దుంపలు మెత్తగా ఉడికాకే పులుపు వెయ్యాలన్న లెక్క ఇక్కడా మారదు.

బెండకాయ నానబెట్టిన నీళ్లు తాగితే షుగర్ తగ్గుతుందా?

బెండకాయలో పీచు బాగా ఉంది, కూరగా తినడం మంచిదే. ఆ నీళ్లను నమ్మి మాత్రలు మానడం మాత్రం ప్రమాదం. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు రోజూ తినే ముందు వైద్యుణ్ణి అడగాలి, బెండకాయలో ఆక్సలేట్ కూడా ఉంటుంది.

పిల్లల బాక్సులోకి వేపుడు పెడితే మధ్యాహ్నానికి మెత్తబడుతోంది.

వేడిగా మూత పెట్టడం వల్ల. ఆవిరి మూతకి తగిలి నీరై మళ్లీ ముక్కల మీదే పడుతుంది, చచ్చిన జిగురు మళ్లీ లేస్తుంది. దించాక పళ్లెంలో పరిచి 15 నిమిషాలు ఆరనిచ్చి, అన్నంతో కలపకుండా వేరే గిన్నెలో సర్దండి. పెరుగుపచ్చడి పెట్టేటట్టయితే పెరుగు ఒక డబ్బా, వేగిన ముక్కలు ఒక డబ్బా. తినేముందు కలుపుకోమనాలి.